పేలకూడని వేళ

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ ఒక చిన్న వార్త కనిపిస్తుంది. ‘తుపాకీ మిస్‌ఫైర్: కానిస్టేబుల్ మృతి’. నాలుగైదు వాక్యాలకు మించి ఉండదు. డ్యూటీ దిగి ఆయుధం అప్పగించబోతుంటేనో, శుభ్రం చేస్తుంటేనో, జీపు ఎక్కుతుంటేనో పేలిందంటారు. ప్రమాదవశాత్తూ అంటారు. మర్నాటికి అందరం మర్చిపోతాం.

నిజానికి మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. మన వాడుకలో ఆ మాట తలకిందులై, నొక్కకుండా పేలడానికి పేరైంది. ఈ తారుమారును నేను తప్పుపట్టను. తుపాకీ దగ్గర జనానికి ఏది భయమో ఆ మాట సరిగ్గా పట్టుకుంది. కావలసినప్పుడు పేలని తుపాకీ చెడ్డదే. అక్కర్లేనప్పుడు పేలే తుపాకీ అంతకంటే చెడ్డది. ఈ రెండో సంగతిని పక్కకు నెట్టేసి, సైన్యానికి పిస్తోలు ఎంచడం చాలా తేలికైన పని అని తీర్పు చెప్పే వాదం ఒకటి పదేళ్లుగా గట్టిగా చలామణీ అవుతోంది. అది తప్పు అని, దాని వల్ల ప్రాణాలకు ముప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ వాదానికి ప్రతినిధి చిన్నవాడేమీ కాదు. 2016 మార్చిలో అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్క్ మిల్లీ ఒక సభలో తన సొంత శాఖ మీదే మండిపడ్డారు. పాత బేరెట్టా ఎం9 స్థానంలో కొత్త పిస్తోలు కోసం సైన్యం 2015 ఆగస్టులో టెండరు పిలిచింది. ఆ పత్రం 350 పేజీలు దాటింది. పరీక్షలకు రెండేళ్లు, 1.7 కోట్ల డాలర్లు అన్నారు. చంద్రుడి మీదికి మనిషిని పంపడం లేదు, ఇది పిస్తోలు అన్నారు మిల్లీ. ఆ డబ్బేదో తన చేతికిస్తే వేట సామాన్లు అమ్మే దుకాణానికి ఫోను చేసి ప్రతి సైనికుడికీ ఒక పిస్తోలు కొనిపెడతానన్నారు. అంతకు కొన్ని నెలల ముందే సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ ఇదే టెండరును దుబారాకు నమూనాగా ఎండగట్టారు. చప్పట్లు మోగాయి. అప్పటినుంచీ సైనిక కొనుగోళ్ల మందకొడితనం గురించి ఎవరు మాట్లాడాలన్నా ఈ పిస్తోలు కథే ముందుకొస్తుంది. మన దేశంలోనూ టీవీ చర్చల్లో, రిటైరైన అధికారుల మాటల్లో ఇదే ధోరణి వినిపిస్తుంది: పిస్తోలే కదా, బజారులో మంచివి దొరుకుతున్నాయి, కొని పంచేస్తే పోలేదా?

ఈ కోపంలో న్యాయం ఉన్నంత మేరకు ముందే ఒప్పుకుంటాను. ఒక పిస్తోలు కోసం వందల పేజీల పత్రం రాయడం గొప్ప కాదు. ఎం9 బదులు మరొకటి కావాలన్న మాట అమెరికాలో 2000ల మధ్యలోనే మొదలైంది. ఒక పోటీ ప్రకటించి, దాన్ని ఆపేసి, పదేళ్లు తాత్సారం చేశారు. ఆ ఆలస్యాన్ని ఎవరూ సమర్థించలేరు. అయితే మిల్లీ వాదం కాగితాలనూ పరీక్షలనూ ఒకే మూట కట్టి గంగలో కలిపేయమంటోంది. ఫైలు బల్లమీద పడి ఉన్న రోజులు వేరు, పిస్తోలు ప్రయోగశాలలో నేలకు పడి లేచిన రోజులు వేరు. మొదటివి ఎన్ని తగ్గిస్తే అంత మంచిది. రెండోవాటిలో ఒక్కటి తగ్గినా నష్టమే.

ముందు లెక్క చూద్దాం. కొత్త పిస్తోళ్లు ఒక్క సైన్యానికే దాదాపు 2.8 లక్షలు కావాలనుకున్నారు. 1.7 కోట్ల డాలర్లను వాటికి పంచితే ఒక్కోదానికి అరవై డాలర్లు వస్తుంది. 1985లో బేరెట్టాలు కొన్నప్పుడే మూడు లక్షల పదిహేను వేల పైచిలుకు పిస్తోళ్లకు దాదాపు 7.5 కోట్ల డాలర్లు పెట్టారు. ఒక్కోటి రెండు వందల డాలర్ల పైమాటే. ముప్పై ఏళ్ల తర్వాత అరవై డాలర్లకు సైనిక పిస్తోలు ఏ దుకాణంలోనూ దొరకదు. ఇక పరీక్షల ఖర్చును దేనితో పోల్చాలి? ఈ కొత్త పిస్తోళ్ల కోసం 2017 జనవరిలో సిగ్ సావర్ కంపెనీకి ఇచ్చిన ఒప్పందం గరిష్ఠ విలువ 58 కోట్ల డాలర్లు. అందులో 1.7 కోట్లు నూటికి మూడు కూడా కాదు. కాలం లెక్క ఇంకా గట్టిది. కోల్ట్ 1911 అమెరికా సైన్యంలో అధికారిక పిస్తోలుగా 74 ఏళ్లు ఉంది. బేరెట్టా ముప్పై ఏళ్లు దాటింది. తాత వాడిన ఆయుధం మనవడి నడుముకు చేరే చోట రెండేళ్ల పరీక్ష ఎక్కువ అనడం న్యాయమేనా?

అసలు తప్పు ఈ లెక్కల్లో కూడా లేదు. పిస్తోలు ఎందుకుందో మర్చిపోవడంలో ఉంది. పిస్తోలు యుద్ధాన్ని గెలిపించదు, అది చిన్న ఆయుధం, కాబట్టి ఎంపిక కూడా చిన్న విషయమే అన్నది ఎదుటివారి తర్కం. మొదటి రెండు మాటలూ నిజమే, మూడోదే అబద్ధం. ట్యాంకు ఇరుకులో కూర్చున్నవాడు, హెలికాప్టర్ నడిపేవాడు, గాయానికి కట్టు కట్టే మెడిక్, గేటు దగ్గర మిలిటరీ పోలీసు పిస్తోలును రోజుకు పది పన్నెండు గంటలు ఒంటిమీద మోస్తారు. వాళ్లలో ఎక్కువమంది సర్వీసు మొత్తంలో శత్రువు మీద ఒక్క తూటా కూడా కాల్చరు. అంటే ఈ ఆయుధం జీవితం పేలే క్షణాల్లో లేదు, పేలకుండా గడిచే వేల గంటల్లో ఉంది. రైఫిల్ పట్టుకున్నవాడు గొట్టం ఎటు చూస్తోందో కంటితో గమనించుకోగలడు. హోల్‌స్టర్‌లోని పిస్తోలు గొట్టం తొడ పక్కనుంచి పాదం వైపు చూస్తుంటుంది. ఛాతీకి కట్టుకుంటే పక్క సీట్లో ఉన్న తోటివాడి మోకాలి వైపు చూస్తుంది. శత్రువు వైపు చూసే సమయం దాని జీవితంలో చాలా తక్కువ. అలాంటి దానికి మొట్టమొదటి పరీక్ష ఎంత గట్టిగా కొడుతుందన్నది కాదు. జారిపడ్డా, తలుపుకు తగిలినా, ఇసుక దూరినా, చెమటకు తడిసినా ఊరుకుంటుందా అన్నది. దుకాణం అద్దాల బల్లమీద ఈ సంగతి తేలదు.

నూరేళ్ల కిందటి సైనికులకు ఇది తెలుసు. ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యంతో పోరాడిన మోరో యోధుల మీద .38 రివాల్వర్ పనిచేయలేదన్న ఫిర్యాదులతో మొదలైన కథ అందరూ చెబుతారు. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే అధికారులు షికాగో పశువధశాలల్లో పశువుల మీదా, విడిగా శవాల మీదా కాల్చి, .45 కంటే చిన్న తూటా పనికిరాదని తేల్చారని కూడా చెబుతారు. పెద్ద తూటా మీది మోజు అక్కడినుంచే వచ్చింది. ఇప్పటికీ పిస్తోలు మాట ఎత్తగానే ‘దెబ్బకు పడిపోవాలి’ అనేవాళ్లు ఎక్కువ. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో తక్కువమంది చెబుతారు. తూటా సైజు తేలాక కూడా పిస్తోలు ఎంపికకు ఏళ్లు పట్టింది. 1911 మార్చి చివరి పోటీలో ఒకే పిస్తోలుతో ఆరు వేల రౌండ్లు కాల్చారు. వేడెక్కితే నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. పోటీలో ఉన్న సావేజ్ 37 సార్లు ఆగింది.

అంతకంటే ముఖ్యమైన మార్పును అడిగింది గుర్రపు దళం. ఒక చేత్తో కళ్లెం, ఇంకో చేతిలో తూటా ఎక్కించి ఉన్న పిస్తోలు. కింద గుర్రం బెదిరి చిందులేస్తోంది. పడిపోకుండా ఆపుకోవాలంటే ఆ చేయి కూడా కావాలి. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంటే తూటా గుర్రానికో, తోటివాడికో తగులుతుంది. అందుకే బొటనవేలితో తోసి పిస్తోలును తాళం వేసినట్టు కట్టడి చేసే మీట పెట్టమన్నారు. బ్రౌనింగ్ పెట్టాడు. 1911ను ఇప్పటికీ గుర్తుపట్టించే ఆ సేఫ్టీ మీట ఎవరినీ చంపడానికి పుట్టలేదు, ఎవరూ చావకుండా ఉండటానికి పుట్టింది. దాన్ని అడగాలని తోచింది పిస్తోలుతో రోజంతా జీనుమీద గడిపినవాడికి. కొనే అధికారికీ అమ్మే కంపెనీకీ అది తోచలేదు.

పరీక్షలు తక్కువైతే ఏమవుతుందో చూడాలంటే బేరెట్టా కథ చాలు. 1984 పోటీలో చివరిదాకా నిలిచినవి బేరెట్టా, సిగ్ పి226. మొత్తం ధర తక్కువ కావడంతో బేరెట్టాకు 1985 జనవరిలో ఒప్పందం దక్కింది. రెండు మూడేళ్లు తిరగకుండానే కొన్ని పిస్తోళ్ల పైభాగం, స్లైడ్ అనేది, కాలుస్తుండగా రెండు ముక్కలై వెనక సగం కాల్చేవాడి ముఖం మీదికి వచ్చింది. తూటాల ఒత్తిడి ఎక్కువని కంపెనీ అంది. లోహంలోనే లోపమని సైన్యం అంది. చివరికి స్లైడ్ విరిగినా వెనక్కి ఎగరకుండా పట్టుకునేలా హామర్ పిన్ను తల పెద్దది చేశారు. 1980ల చివర మళ్లీ పోటీ పెట్టి మళ్లీ బేరెట్టానే తీసుకున్నారు. ఇరాక్ యుద్ధంలో మరో సంగతి బయటపడింది. సైన్యమే నిర్దేశించిన గరుకు పూతతో చేసిన మ్యాగజైన్లలోకి సన్నటి ఎడారి ఇసుక దూరి తూటాలు పైకి రావడం మానేశాయి. పిస్తోలు మంచిదే, పూత మాత్రం ఆ ఇసుకకు పనికిరాదు. నున్నటి పూతతో కొత్తవి చేయించాల్సి వచ్చింది. ఆ ఇసుకను ప్రయోగశాలలో ముందే పోసి చూసి ఉంటే యుద్ధంలో సైనికుడు దాన్ని కనిపెట్టాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పుడు అసలు సాక్ష్యానికి వస్తాను. మిల్లీ ఎద్దేవా చేసిన పోటీలో గెలిచింది సిగ్ సావర్ పి320. సైన్యంలో దాని పేర్లు ఎం17, ఎం18. ఇది 2014 నుంచే దుకాణాల్లో అమ్ముడవుతున్న పిస్తోలు. మంచి పేరుంది. పరిశ్రమ పెట్టుకున్న భద్రతా ప్రమాణాలన్నీ దాటింది. మిల్లీ ఫోను చేసి తెప్పించగలిగే సరుకుల్లో ఇదొకటి.

సైన్యం పరీక్షల్లో దాన్ని నేలకు వదిలారు. తూటా బదులు, నిప్పు రాజేసే ప్రైమర్ మాత్రమే ఉన్న ఖాళీ కేసు పెట్టి వదిలారు. అది పేలింది. రక్షణ శాఖ పరీక్షల విభాగం 2018 జనవరిలో వెలువరించిన వార్షిక నివేదికలో ఈ సంగతి అచ్చులో ఉంది. కారణం భౌతికశాస్త్రం చదివిన ప్రతి పిల్లవాడికీ అర్థమయ్యేదే. పరుగెత్తే బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డ ప్రయాణికుడు తూలతాడు. వెనక మూల నేలకు తగిలేలా ఒక కోణంలో పడ్డ పిస్తోలు ఠక్కున ఆగుతుంది, బరువున్న ట్రిగ్గర్ మాత్రం ఆగదు. తన ఊపుకు తానే వెనక్కి జరుగుతుంది. ఏ వేలూ తాకకుండానే వేలు నొక్కినంత పని అవుతుంది. సైన్యం చెప్పాక కంపెనీ ట్రిగ్గర్ భాగాలను తేలిక చేసింది. 2017 నవంబరులో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ చేతికి వెళ్లిన పిస్తోళ్లు ఆ దిద్దుబాటుతోనే వెళ్లాయి.

మరి దుకాణాల్లో కొన్నవాళ్ల సంగతి? వాళ్లకు ఆ తేలిక ట్రిగ్గర్ అప్పటికి రాలేదు. 2017 ఆగస్టులో స్వతంత్రంగా తుపాకులు పరీక్షించేవాళ్లు కొన్న పిస్తోళ్లను కిందపడేసి పేలడం చూపించారు. పోలీసు శాఖలు వాడకం ఆపడం మొదలుపెట్టాయి. ఆ నెల 8న కంపెనీ ఉచితంగా భాగాలు మారుస్తామని ప్రకటించింది. ఒకే పిస్తోలు, ఒకే కంపెనీ, ఒకే కాలం. పరీక్ష దాటి వచ్చినవాటిలో దోషం పోయింది, దుకాణం నుంచి వచ్చినవాటిలో మిగిలింది. 1.7 కోట్ల డాలర్లు దేనికని అడిగినవారికి ఇంతకంటే సూటి జవాబు ఉండదు. ఆ పరీక్షలే లేకపోతే లక్షల మంది సైనికుల నడుముకు ఆ బరువు ట్రిగ్గరే ఎక్కేది.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుందని తెలుసు. పరీక్షలు దాటిన తర్వాత కూడా ఈ పిస్తోలు మీద వివాదాలు ఆగలేదు కదా అంటారు. నిజమే. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందంటూ అమెరికాలో పోలీసులు, పౌరులు ఎన్నో దావాలు వేశారు. 2024లో జార్జియాలోనూ ఫిలడెల్ఫియాలోనూ జ్యూరీలు కంపెనీకి వ్యతిరేకంగా తీర్పులిచ్చాయి. కొన్ని కేసులు నిలవలేదు. పిస్తోలు తనంతట తాను పేలదని కంపెనీ వాదన. 2025 జులైలో వయోమింగ్‌లోని ఎఫ్.ఇ. వారెన్ వైమానిక స్థావరంలో ఒక యువ సైనికుడు ఎం18 తూటాకు చనిపోతే అక్కడి కమాండ్ ఆ పిస్తోలు వాడకాన్ని కొన్నాళ్లు ఆపింది. తర్వాత మరో సైనికుడిని అరెస్టు చేశారు. పిస్తోళ్లన్నీ తనిఖీ చేసి మళ్లీ వాడకంలోకి తెచ్చారు. ఈ మొత్తం నుంచి తేలేదేమిటి? పరీక్షలు దండగ అని తేలదు. అవి చాలలేదేమో అన్న అనుమానం మాత్రం గట్టిపడుతుంది.

ఆ అనుమానానికి ఆధారం కూడా ఉంది. టెండరులో మొదటి దశ తర్వాత మరికొంత లోతైన పోటీ పరీక్షలకు అవకాశం ఉంది. సైన్యం అక్కడిదాకా పోలేదు. సిగ్ ప్రతిపాదన మొత్తం ధర 16.95 కోట్ల డాలర్లు, పోటీలో ఉన్న మరో కంపెనీ గ్లాక్‌ది 27.22 కోట్లు. పది కోట్ల పైచిలుకు తేడా కనిపించగానే నిర్ణయం అయిపోయింది. గ్లాక్ ఫిర్యాదు చేస్తే, నిబంధనల ప్రకారం తప్పేమీ లేదని ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ 2017 జూన్‌లో కొట్టేసింది. నిబంధన ఒప్పుకుంది, సరే. కానీ రెండు పిస్తోళ్లనూ పక్కపక్కన పెట్టి చివరిదాకా కాల్చి, పడేసి, తడిపి చూసి ఉంటే, ఇవాళ కోర్టులు జ్యూరీలను కూర్చోబెట్టి తేల్చుకుంటున్న ప్రశ్నల్లో కొన్నింటికైనా అప్పుడే జవాబు దొరికేది. అక్కడ జరిగిన పొరపాటు ఎక్కువ పరీక్షించడం కాదు, తొందరగా ముగించడం.

బ్రిటన్‌ను చూడమంటారు ఇంకొందరు. 2013లో పాత బ్రౌనింగ్ తీసేసి, బజారులో దొరికే గ్లాక్ 17లు పాతిక వేలకు పైగా, దాదాపు 90 లక్షల పౌండ్లకు కొనేసింది కదా అంటారు. కొనేసిందే, పోటీ పెట్టి పరీక్షించాకనే కొంది. ఎందుకు మార్చిందో కూడా చూడాలి. పాత బ్రౌనింగ్‌ను తూటా చాంబర్‌లో పెట్టి మోయనిచ్చేవాళ్లు కాదు. ఆఫ్ఘనిస్తాన్‌లో తాము శిక్షణ ఇస్తున్నవాళ్లే హఠాత్తుగా తిరగబడి కాల్చిన రోజుల్లో, తూటా ఎక్కించి ఉన్నా నమ్మకంగా మోయగలిగే పిస్తోలు కావాల్సి వచ్చింది. గ్లాక్ ఎంపికకు అదొక ముఖ్య కారణం. అంటే బ్రిటన్ కూడా మోసే గంటలనే తూచింది. ఆ ఉదాహరణ నా వైపు సాక్ష్యమే.

ఈ వాదన మనకు దూరమేమీ కాదు. మన సైన్యం దశాబ్దాలుగా మోస్తున్న 9 మి.మీ. పిస్తోలు ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. అది కూడా ఆ బ్రౌనింగ్ నమూనాయే. దాన్ని మార్చే రోజు వస్తుంది. ఈలోగా డీఆర్‌డీఓ, సైన్యం కలిసి రూపొందించిన ‘అస్మి’ 2021 జనవరిలో వెలుగు చూసింది. ట్యాంకు సిబ్బందికి, వైమానిక సిబ్బందికి, డ్రైవర్లకు, రేడియో ఆపరేటర్లకు పనికొచ్చే మెషిన్ పిస్టల్ అని ప్రకటించారు. నాలుగు నెలల్లో తయారుచేశామన్నారు. హైదరాబాద్‌లోని లోకేష్ మెషిన్స్‌లో తయారైన అస్మిలను 2024లో సైన్యం ఉత్తర కమాండ్ 550 తీసుకుంది. మన ఊళ్లో తయారైన ఆయుధం సరిహద్దుకు చేరుతుంటే నాకూ ఛాతీ పొంగుతుంది. అందుకే గట్టిగా అడుగుతున్నాను: నాలుగు నెలల్లో చేశామన్న మాట మన ఇంజనీర్లకు కీర్తి కావచ్చు, కొనే అధికారికి మాత్రం ఆ మాట ఒక్కటే కారణం కాకూడదు. మనది కాబట్టి తక్కువ పరీక్షిద్దాం అన్నవాడు మనవాడికి మేలు చేయడు. కార్గిల్ చలికి ఇన్సాస్ రైఫిల్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలిన సంగతి మర్చిపోలేదు కదా. ఆ చలిని ముందుగా ప్రయోగశాలలో పుట్టించాల్సింది.

నేను అడిగేవి నాలుగే. టెండరు పత్రాన్ని పది పేజీలకు కుదించండి, అభ్యంతరం లేదు. అయితే పడేసి చూడటం, ఇసుకలో, బురదలో, చలిలో, ఉక్కలో వేల రౌండ్లు కాల్చడం, చిన్న చేతుల ఆడవాళ్ల దగ్గరనుంచి పెద్ద అరచేతుల జవాన్ల దాకా చేత పట్టించి చూడటం, వీటిలో ఒక్కదాన్నీ కోయకండి. ధర తక్కువని తెలిసిన క్షణంలో పరీక్ష ఆపకండి. ఫలితాలను అమెరికా అచ్చువేసినట్టు మనమూ అచ్చువేద్దాం, మోసేవాడికి తెలియాలి. పంచిన తర్వాత జరిగే ప్రతి ‘మిస్‌ఫైర్’ వెనక తప్పు చేతిదా, ఆయుధానిదా అని విడదీసి విచారించండి. చనిపోయిన కానిస్టేబుల్ అజాగ్రత్త అని ఒక్క వాక్యంలో ఫైలు మూసేయడం ఆ కుటుంబానికి అన్యాయం. రేపు అదే తుపాకీ కట్టుకోబోయేవాడికి ఇంకా పెద్ద అన్యాయం.

ఆయుధాలు భద్రపరిచే గది బయట, ఇసుక నింపిన డబ్బా ఒకటి పెట్టడం చాలా చోట్ల ఆనవాయితీ. డ్యూటీ దిగినవాడు గొట్టాన్ని ఆ ఇసుక వైపు పెట్టి, మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అయిందో లేదో చూసుకుని, ఆపైన ఆయుధం అప్పగిస్తాడు. రోజూ చేసేదే. వందల రోజులు ఏమీ కాదు. ఏ ఒక్క రోజో పరధ్యానంలో ఒక తూటా మిగిలిపోతే అది ఇసుకలో దిగబడిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. ఆ డబ్బా దండగ అని ఇంతవరకూ ఏ జవానూ అనలేదు. కొత్త ఆయుధానికి పెట్టే పరీక్ష కూడా అలాంటి ఇసుక డబ్బానే. అందులో దిగాల్సిన తూటా అందులోనే దిగాలి.